తుళునాటి యక్షగానము: ఆట, అర్థము, ఆరాధన

భగవత్కథ గ్రంథమునందున్నంతకాలము చదువనేర్చినవారికే అందును. అది గానమై, మాటయై, వేషమై నలుగురి నడుమకు వచ్చినప్పుడు లోకమునకెల్ల సొత్తగును. ఈ రహస్యమునెరిగిన మన పెద్దలు హరికథను, పురాణ కాలక్షేపమును, భాగవత మేళమును దేవాలయములతో ముడిపెట్టిరి. అట్టి మార్గములలో నేటికిని సజీవముగా నిలిచియున్నది తుళునాటి యక్షగానము. దానిని చూచిన యాత్రికులు కిరీటములను, నృత్యమును, చెండెమ్రోతను మెచ్చుకొందురు. కాని దాని ప్రాణము వేషమునందుకంటె మాటయందు ఎక్కువగా నున్నది. ఆ మాటకు ఆ నాటివారు పెట్టిన పేరు ‘అర్థము’. దేవుని ఎదుట నిలిచి, దేవుని ప్రశ్నించుటకు ప్రతిపక్షమునకు పూర్తి అవకాశమిచ్చి, పిమ్మట సమాధానము చెప్పు పద్ధతి ఇందు కలదు. భక్తులు తెలిసికొనదగిన విశేషమిదియే.

తుళునాడు

పడమటి కనుమలకును అరేబియా సముద్రమునకును నడుమనున్న సన్నని తీరభూమి తుళునాడు. కర్ణాటకమునందలి దక్షిణ కన్నడ, ఉడుపి జిల్లాలును, కేరళమునందలి కాసరగోడు జిల్లా ఉత్తర భాగమును ఇందు చేరియున్నవి. శ్రీమధ్వాచార్యులు జన్మించిన పాజకక్షేత్రము, ఆయన 13వ శతాబ్దమున శ్రీకృష్ణుని ప్రతిష్ఠించిన ఉడుపి, రెండేండ్లకొకమారు పర్యాయ క్రమమున స్వామిపూజను స్వీకరించు అష్టమఠములు ఈ నేలయందే కలవు. కటీలు, ధర్మస్థల, కుక్కె సుబ్రహ్మణ్యము తెలుగు యాత్రికులకు పరిచితములైన క్షేత్రములే.

ఇచ్చటి జనులలో పెక్కురి ఇంటిభాష తుళు. అది తెలుగువలెనే ద్రావిడ కుటుంబమునకు చెందినది. అయినను యక్షగాన ప్రసంగములు చాలవరకు కన్నడమున రచింపబడినవి. 20వ శతాబ్దమునుండి తుళు ప్రసంగములును విరివిగా ఆడబడుచున్నవి. ఇదే నేలపై భూతకోలము అను మరియొక ఆరాధన కలదు. అందు దైవము పాత్రధారిని ఆవహించి పలుకునని విశ్వాసము. యక్షగానమునందు ఆవేశమునకు చోటులేదు. పాత్రధారి పురాణపురుషుని స్థానమున నిలిచి, తాను నేర్చిన శాస్త్రముతో, తన బుద్ధితో మాటలాడును. ఈ రెండింటిని ఒకటిగా తలపరాదు.

యక్షగానమను పేరు తెలుగువారికి క్రొత్త కాదు. 16వ శతాబ్దివాడైన కందుకూరి రుద్రకవి రచించిన సుగ్రీవవిజయము మనకు లభించిన తెలుగు యక్షగానములలో మొదటిదిగా ప్రసిద్ధము. తంజావూరు నాయకరాజైన విజయరాఘవుడు స్వయముగా యక్షగానములు రచించెను. తమిళనాటి మెలట్టూరులో నేటికిని నృసింహజయంతికి వరదరాజస్వామి ఎదుట తెలుగు ప్రహ్లాదచరిత్రము భాగవత మేళముగా ఆడబడుచున్నది. తుళునాటి ప్రసంగములందును ద్విపద, కందము, వృత్తము కలవు. ఝంపె, త్రిపుట, అట్ట మొదలగు తాళములు కలవు. ఈ బంధుత్వము వలన తెలుగు భక్తునకు ఆ ఆట పరాయిదిగా తోపదు.

ఆటయే మ్రొక్కుబడి

తుళునాటి ఆటలో రెండు తిట్టులు కలవు. తిట్టు అనగా సంప్రదాయము. దక్షిణమున నాడునది తెంకుతిట్టు, ఉడుపినుండి ఉత్తరముగా వ్యాపించినది బడగుతిట్టు. కిరీటములయందు, అడుగులయందు, వాద్యపు పోకడయందు భేదములున్నను కథయు, క్రమమును ఒక్కటియే. పొలములలో, బయలునందు ఆడుటచేత బయలాట యనియు, విష్ణుకథలే ప్రధానమగుటచేత దశావతార ఆట యనియు దీనికి పూర్వమునుండి వ్యవహారము కలదు.

మేళములు పెక్కు దేవాలయములకు చెందియుండును. నందినీనది నడుమ వెలసిన కటీలు శ్రీదుర్గాపరమేశ్వరి దేవాలయమునకు, ఉడుపి జిల్లా మందార్తి దుర్గాపరమేశ్వరి దేవాలయమునకు ఒకటికంటె ఎక్కువ మేళములు కలవు. ధర్మస్థల క్షేత్రమునకును మేళము కలదు. సంతానము కొరకో, వ్యాధి నివారణకో, ఇల్లు నిలబడుటకో గృహస్థుడు అమ్మవారికి ఆట మ్రొక్కుకొనును. దీనికి ‘హరకె ఆట’ యని పేరు. హరకె యనగా మ్రొక్కుబడి. కటీలు మేళమునకు మ్రొక్కుకొన్నవారు తమ వంతుకై సంవత్సరముల తరబడి వేచియుందురు.

తిరుమలేశునకు తలనీలాలిచ్చుట, నిలువుదోపిడి యిచ్చుట మనకెట్లో, వారికి ఒక రాత్రి పురాణము ఆడించుట అట్లు. ఇందొక విశేషము కలదు. మ్రొక్కు తీర్చుకొనువాడొక్కడే అయినను ఫలమునందుకొనువాడు ఊరంతయు. వచ్చినవారికి అన్నము పెట్టుదురు, టిక్కెట్టు లేకుండ ఆట చూపుదురు. 20వ శతాబ్దపు నడిమికాలమున గుడారములు వేసి టిక్కెట్టుతో ఆడు ‘డేరె మేళములు’ వెలసినవి. అయినను హరకె ఆట తన స్థానమును విడువలేదు. వ్యాపారము కొరకు ఆడినది జనము తగ్గిన నాడు ఆగును; మ్రొక్కుబడిగా ఆడునది ఎదుట నలుగురే యున్నను ఆగదు. మొదటి ప్రేక్షకురాలు అమ్మవారే గదా!

ఒక రాత్రి క్రమము

దీపావళి దాటిన పిమ్మట మేళములు బయలుదేరును. తుళు పంచాంగమున బేశ మాసము పదవనాడు, అనగా మే నెల చివరివారమున వచ్చు ‘పత్తనాజె’ నాటికి తిరిగి దేవాలయమునకు చేరి గజ్జెలు విప్పును. పిమ్మట వర్షకాలము. ఆ నాట వాన పడిన బయలున ఆట సాగదు.

ఆటనాడు మేళముతోపాటు దేవతయు ఊరికి విచ్చేయును. వేషములు వేసికొను చోటికి ‘చౌకి’ యని పేరు. అచ్చట దేవతను నిలిపి పూజచేసి, ఆ సన్నిధిలోనే రంగులు పూసికొందురు. చౌకి కేవలము అలంకరణ గృహము కాదు. అది ఆ రాత్రికి గర్భగృహము. చెండె మ్రోగించి ఊరివారికి ఆట ఉన్నదని తెలుపుదురు. గణపతిస్తుతి యగును. పిమ్మట పూర్వరంగము సాగును. భరతముని నాట్యశాస్త్రమున చెప్పిన పూర్వరంగమును ఇది తలపింపజేయును.

పూర్వరంగమున బాలగోపాల వేషములు వచ్చును. వారు బలరామకృష్ణులు. మేళమున క్రొత్తగా చేరిన పిల్లవాండ్రు ఈ వేషములతో అడుగులు దిద్దుకొందురు. అక్షరాభ్యాసమునకు ఓంకారమెట్లో ఇచ్చటి నటునకు బాలకృష్ణుని వేషమట్లు. ముందు కృష్ణుడై ఆడినవాడే పిమ్మట కంసుడగును, రావణుడగును. ఈ క్రమమునందలి ఔచిత్యము గమనింపదగినది.

ఆపై ఒడ్డోలగము, అనగా రాజు కొలువుదీరు సన్నివేశము. కథ ముదిరి రాత్రి గడచిన కొలది బణ్ణద వేషము, అనగా రాక్షసపాత్ర, తెర వెనుకనుండి గర్జించుచు మెల్లమెల్లగా ప్రకటమగును. బియ్యపుపిండియు సున్నమును కలిపి బొట్టుబొట్టుగా ముఖముపై పెట్టు ‘చుట్టి’ యను అలంకరణకు గంటల కాలము పట్టును. తెల్లవారుజామున దుష్టుడు కూలును. సూర్యోదయమునకు మంగళము పాడుదురు. చీకటితో పెరిగిన అసురుడు వెలుగుతో నశించుట ఆ రాత్రంతయు మేలుకొన్నవారికి కన్నులయెదుటి అనుభవము.

అర్థము

ఆటను నడుపువాడు భాగవతుడు. అతడు తాళము చేతబట్టి ప్రసంగ పద్యములు పాడును. మద్దళె, చెండె అతనిని అనుసరించును. వీరు హిమ్మేళము. ముందు నిలిచి ఆడువారు ముమ్మేళము. ప్రసంగమనగా పాటలును పద్యములును కల గ్రంథము. అందు సంభాషణలు వచనముగా వ్రాసియుండవు. భాగవతుడు పద్యము పాడి నిలుపగా, దాని భావమును పాత్రధారి అప్పటికప్పుడు మాటలుగా విస్తరించి చెప్పవలెను. ఇదియే అర్థము.

దీనికి ఎవరును మాటలు వ్రాసి ఇయ్యరు. ఎదుటివాడేమి అడుగునో ముందుగా తెలియదు. రామాయణ భారత భాగవతములు, ధర్మశాస్త్రము, లోకానుభవము మనస్సున నిండియున్నవాడే పలుకగలడు. శాస్త్రగ్రంథములందు మూలమునకు భాష్యమెట్లో, ప్రసంగమునకు అర్థమట్లు. భాష్యకారుడు మూలమును దాటరాదు. అర్థము చెప్పువాడును పద్యమును దాటరాదు. ఎంత దూరము పోయినను తుదకు పద్యమున చెప్పిన చోటికే రావలెను.

ప్రసంగకర్తలలో కుంబళె గ్రామమునకు చెందిన పార్తిసుబ్బని పేరు ముందుగా చెప్పుదురు. కాసరగోడు సమీపమునందలి ఆ ఊరిలో వెలసిన కణిపుర గోపాలకృష్ణునికి అతడు భక్తుడు. శ్రీరాముని కథను అతడు వరుసగా ప్రసంగములుగా రచించెను. కృష్ణుని భక్తుడు రాముని కథ వ్రాయుట అవతారముల అభేదమునెరిగినవారికి వింతకాదు. ఈ కళనంతటిని శోధించి కోట శివరామ కారంతులు వ్రాసిన ‘యక్షగాన బయలాట’ గ్రంథమునకు 1959లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

తాళమద్దళె

అర్థమే ప్రాణమనుటకు ప్రత్యక్ష నిదర్శనము తాళమద్దళె. వర్షకాలమున బయలాట నిలిచినప్పుడు దేవాలయ మండపములలో, ఇండ్లలో దీనిని జరుపుదురు. ఇందు వేషము లేదు, నృత్యము లేదు, రంగు లేదు. భాగవతుడు, వాద్యగాండ్రు కూర్చుందురు. పాత్రలు చెప్పువారు మామూలు దుస్తులతో ఎదురెదురుగా కూర్చుందురు. వీరికి అర్థధారులని పేరు. ఒకడు రాముడు, ఒకడు వాలి. ఒకడు కృష్ణుడు, ఒకడు దుర్యోధనుడు. ఆలంకారికులు కావ్యమును దృశ్యమనియు శ్రవ్యమనియు విభజించిరి. ఒకే ప్రసంగము బయలునందు దృశ్యముగా, మండపమునందు శ్రవ్యముగా నడచుట ఈ నాటి ప్రత్యేకత.

శేణి గోపాలకృష్ణ భట్టు (1918–2006) ఈ విద్యలో మిక్కిలి కీర్తిగడించిన అర్థధారి. ఆయన హరికథాగానమునందును ప్రవీణులు. అర్థధారులలో పండితులు, ఉపాధ్యాయులు, న్యాయవాదులు, వ్యవసాయదారులు కలరు. పూర్వము పురుషులే పాల్గొనెడివారు. ఇప్పుడు స్త్రీలును అర్థధారులై మేళములు నడుపుచున్నారు.

వాలి అడిగిన ప్రశ్న

ఈ పద్ధతి గొప్పతనము వాలివధ ప్రసంగమున చక్కగా తెలియును. మన సుగ్రీవవిజయమునకును ఇదియే కథ. వాల్మీకి రామాయణము కిష్కింధాకాండమున 17, 18 సర్గలు దీనికి మూలము.

బాణము తగిలి నేలకొరిగిన వాలి రాముని నిందించును. తాను మరియొకనితో పోరుచుండగా చాటుననుండి కొట్టుట ఏ ధర్మమని అడుగును. రాముని రాజ్యమునకు తానేమి కీడు చేసితినని అడుగును. తన చర్మము, తన మాంసము ఎవరికిని పనికిరావు గదా, ఏల చంపితివని అడుగును. సీతను తెచ్చుటయే పని యైనచో తనను కోరినచో ఒక్క దినమున తెచ్చియుందునే యని దెప్పును.

ఇది అల్పమైన ప్రశ్న కాదు. శ్రీరామచంద్రుని ఇష్టదైవముగా కొలుచు ఇండ్లలో కూడ పిల్లలు ఈ ప్రశ్న వేయుదురు. అట్టివేళ పెద్దలు ‘అట్లనరాదు’ అని కసరుకొందురు. కసరినంత మాత్రమున సందేహము చావదు. లోపలికి పోయి దాగును. దాగిన సందేహము భక్తిని మెల్లగా తినివేయును.

తాళమద్దళెలో ఆ సందేహమును దాచరు. వాలి అర్థధారికి గంటసేపైనను మాటలాడు స్వాతంత్ర్యమున్నది. అతడు వాలి పక్షమును ఎంత బలముగా చెప్పగలడో అంత బలముగా చెప్పవలెను; అట్లు చెప్పనివానిని సభ మెచ్చదు. సభలో కూర్చున్నవారందరును రామభక్తులే. జరుగుచున్నది దేవాలయమందే. అయినను వాలిని ఎవరును అడ్డుకొనరు. శాస్త్రవాదములందు పూర్వపక్షమును బలముగా స్థాపింపక సిద్ధాంతమును చెప్పరాదను నియమమెట్లో, ఇదియు నట్టిదే. బలహీనమైన పూర్వపక్షమును గెలిచిన సిద్ధాంతమునకు విలువ లేదు.

ఇప్పుడు భారమంతయు రాముని అర్థధారిపై పడును. కొండలు, అడవులతో కూడిన ఈ భూమి ఇక్ష్వాకులదనియు, భరతుడు రాజనియు, అతని ఆజ్ఞచే ధర్మమును నిలుపుటకు తాము తిరుగుచున్నామనియు మూలమున రాముడు చెప్పును. తమ్ముడు బ్రతికియుండగా అతని భార్యయైన రుమను చేపట్టుట వాలి చేసిన మహాదోషమని చూపును. సుగ్రీవునకు అగ్నిసాక్షిగా ఇచ్చిన మాటను చెప్పును. రాజులు మృగములను చాటునుండియు కొట్టుదురనును. ఈ నాలుగింటిలో దేనిని ముందు పెట్టవలెను, దేనిని బలపరుపవలెను, ఎదుటి వాలి వేసిన క్రొత్త చిక్కును ఎట్లు విప్పవలెను అనునది ఆ క్షణమున అర్థధారి నిర్ణయించుకొనవలెను. అతడు తడబడినచో కథాప్రకారము వాలి ఓడును గాని, వినువారి మనస్సున రాముడు గెలువడు. అందుచేత రామపాత్రను చెప్పుట రావణపాత్రను చెప్పుటకంటె కష్టము. నిందించుట సులభము, నిందకు కోపము లేకుండ బదులు చెప్పుట కష్టము.

తుదకు వాలి శాంతించును. తన మాటలకు క్షమాపణ కోరి, అంగదుని రామునకు అప్పగించును. నిందించిన నోటితోనే శరణువేడును. ఈ శరణాగతికి విలువ వచ్చుటకు కారణమేమి? అడుగవలసినదంతయు అడిగిన పిమ్మట కలిగిన శరణాగతి యగుటయే. గీతయందు అర్జునుడును ప్రశ్నించి ప్రశ్నించి సందేహము తీరిన పిమ్మటనే స్వామి ఆజ్ఞను శిరసావహించెను గదా.

కృష్ణసంధానమునందు దుర్యోధనుడు, కర్ణపర్వమునందు కర్ణుడు ఇట్లే తమ పక్షమును పూర్తిగా వినిపింతురు. ఒకనాడు రాముడైనవాడు మరునాడు రావణుడగును, నిన్న దుర్యోధనుడైనవాడు నేడు కృష్ణుడగును. రెండు పక్షములను తన నోట పలికినవానికి ఎదుటివాని బాధ తెలియును. అట్టివాని మాటలో ద్వేషముండదు.

ఇందు అపాయమును కలదు. అర్థధారులు పాత్రను మరచి, తాము తాము పోటీపడి, పాండిత్యగర్వముతో వాదించినచో రామవాలుల సంవాదము ఇద్దరు మనుష్యుల కలహమగును. అది అర్థము కాదు, అనర్థము. అందుచేతనే భాగవతునకు అధికారమీయబడినది. వాదము హద్దుమీరినప్పుడు అతడు తరువాతి పద్యమెత్తుకొనును. పద్యము మొదలైనంతనే వాదము నిలువవలెను. ఎంతటి పండితుడైనను తాళమునకు లోబడవలసినదే.

కాలము కుదించుట

పూర్వము దివిటీల వెలుగున సాగిన ఆట పిమ్మట గ్యాసుదీపములకు, ఆపై విద్యుద్దీపములకు మారినది. గొంతుతో సాగినది ధ్వనివర్ధకములను ఆశ్రయించినది. ఇట్టి మార్పుల వలన ఆటకు పెద్దగా హాని కలుగలేదు. నేటి చిక్కు కాలమునకు సంబంధించినది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు ధ్వనివర్ధకములపై ఆంక్ష విధించినవి. ఉద్యోగములకు పోవువారు రాత్రంతయు మేలుకొనజాలరు. ఈ కారణములచేత పెక్కు ఆటలు ‘కాలమితి’కి, అనగా కొన్ని గంటలలో ముగియు పద్ధతికి మారినవి.

రోగులకు, శిశువులకు నిద్రాభంగము కాకుండుటయు ధర్మమే, దానిని తప్పుపట్టరాదు. కాని కాలము తగ్గినప్పుడు ముందుగా దేనిని తగ్గింతురను ప్రశ్న వచ్చును. నృత్యమును తగ్గించినచో చూచువారు అడుగుదురు. యుద్ధమును తగ్గించినచో పిల్లలు అడుగుదురు. అర్థమును తగ్గించినచో అడుగువారు తక్కువ. వాలి నాలుగు మాటలు, రాముడు నాలుగు మాటలు చెప్పి ముగించినచో కథ పూర్తియగును. సందేహము మాత్రము మిగులును. మ్రొక్కు తీరినదనిపించును గాని, మ్రొక్కుతోపాటు ఊరికి దక్కవలసిన జ్ఞానము దక్కదు. అందుచేత కాలమితియందు కథను చిన్నదిగా ఎన్నుకొని, అర్థమును పూర్ణముగా చెప్పుట మేలు. ఒక రాత్రిలో మూడు ప్రసంగములకంటె, మూడు గంటలలో ఒక్క సంవాదము గొప్పది.

గృహస్థులకు

ఉడుపికి, కటీలునకు పోవు యాత్రికులు కార్తికమునుండి వైశాఖమువరకు పోయినచో సమీపమున ఎచ్చటనో ఒకచోట ఆట దొరకును. వర్షకాలమున పోయినచో తాళమద్దళె దొరకును. భాష పూర్తిగా తెలియకున్నను కథ మనకు తెలిసినదే. చౌకియందు దేవతకు నమస్కరించి, కొంతసేపైనను కూర్చుండవలెను. పాత్రధారులను విచిత్రవేషధారులుగా కాక భగవత్కథా కైంకర్యపరులుగా చూడవలెను.

అంత దూరము పోలేనివారు ఇంటనే ఈ ధర్మమును పాటింపవచ్చును. సాయంకాలము రామాయణమో, భాగవతమో చదువునప్పుడు ఒకరు వాలి పక్షమున అడుగవలెను, ఒకరు రాముని పక్షమున చెప్పవలెను. మరునాడు పక్షములు మార్చుకొనవలెను. పిల్లవాడు చిక్కుప్రశ్న వేసినచో కసరక, ‘నీవు వాలివి, అడుగుము’ అని కూర్చుండబెట్టవలెను. సమాధానము వెంటనే తోచనిచో గ్రంథము తెరచి వెదుకవలెను. నవవిధ భక్తులలో శ్రవణ కీర్తనములు మొదటివి. ప్రశ్నించుచు వినుట శ్రవణమునకు బలము, ఓర్పుతో బదులు చెప్పుట కీర్తనమునకు శోభ.

వాలి మాటలను శ్రీరామచంద్రుడు తుదివరకు వినెను. స్వామియే వినగా, ఆయన భక్తులమనుకొనువారు వినకుండుట తగునా? ఆ ఓర్పును ఏటేట ఊరూర నేర్పుచున్న తుళునాటి యక్షగానము భగవంతునకు ప్రీతికరమైన సేవయగుటలో సందేహము లేదు.